కచ్చా ఇల్లు అనే మాటను ముందు కూలగొట్టాలి

మొన్న ఇండ్ల సర్వేకు ఒక పిల్లవాడు మా వాడకు వచ్చాడు. చేతిలో ఫోను. మా ఇంటి ముందు నిలబడి గోడకు ఫోటో తీసుకున్నాడు.

"గోడలు దేంతోటి కట్టిండ్రు కాకా?"

"మట్టితోటి బిడ్డా."

"పైకప్పు?"

"గూన పెంక."

"ఎన్నేండ్లయింది?"

"మా బాపు కట్టిండు. నలభై ఏడేండ్లు."

ఫోనులో ఏదో నొక్కాడు. "కచ్చా ఇల్లు అని రాసిన కాకా. మీకు మంచిదే" అని నవ్వి పక్కింటికి పోయాడు.

ఆ పక్కిల్లు స్లాబు ఇల్లు. కట్టి పద్నాలుగేండ్లు. లోపల పెచ్చులూడి సలాకలు కనబడుతున్నాయి. వానాకాలం వస్తే మంచం పక్కన బకెట్ పెట్టుకుంటారు. ఎండాకాలం రాత్రి పది దాటినా ఆ గదిలో పడుకోలేక మా అరుగు మీదికి వస్తారు. అది మాత్రం పక్కా ఇల్లు.

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వాడి ఫోనులో రెండే మాటలున్నాయి. తప్పు ఆ మాటలను తయారు చేసినవాళ్లది, వాటికి ఎదురు చెప్పకుండా తలూపిన మనది. ఇల్లు ఎన్నేండ్లు నిలబడింది, ఎండలో ఎట్లుంది, వానకు ఎట్లుంది అని చూడకుండా, దేంతో కట్టారని మాత్రమే అడిగి కచ్చా, పక్కా అని తీర్పు చెప్పడం తప్పు. ఆ తీర్పును బట్టే సర్కారు సొమ్ము రావడం ఇంకా పెద్ద తప్పు. ఈ నెల నేను రాయదలచుకున్నది ఇదొక్కటే. మంచిగా కట్టిన మట్టి ఇంటికి కూడా స్లాబు ఇంటికి ఇచ్చినంత సొమ్ము ఇవ్వాలి. దాన్ని మన సంఘం డిమాండుగా తీసుకోవాలి.

నా మాటను వంకరగా తీసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెప్తున్నాను. రైతు మట్టిలోనే ఉండాలి, పట్నపోళ్లు మాత్రం అద్దాల మేడల్లో ఉండాలి అని నేను అనడం లేదు. మట్టి ఇల్లు కాబట్టి తక్కువ పైసలు ఇస్తే సరిపోతుంది అని కూడా అనడం లేదు. స్లాబు కావాలన్నవాళ్లు స్లాబే వేసుకోనీ. కానీ మట్టి గోడ, పెంక కప్పు కావాలన్న రైతుకు "అట్లయితే నీకు పైసా రాదు" అని చెప్పే అధికారం ఎవరికీ ఉండొద్దు.

ఇప్పుడున్న పద్ధతి చూడండి. ఇందిరమ్మ ఇండ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. ఇంటికి 5 లక్షలు. కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. వీటిని ఎవరూ కాదనరు. దాంతోపాటు పైన స్లాబు కూడా ఉండాలి. సొమ్ము ఒకేసారి రాదు. పునాది లేచాక ఒక విడత, గోడలు లేచాక ఒకటి, స్లాబు పడ్డాక ఒకటి, అంతా అయిపోయాక ఒకటి. అంటే ప్రతి విడతకూ ముందు మన చేతి నుంచి పెట్టాలి. సిమెంటు, సలాక, కంకర, ఇటుక, సెంట్రింగు కిరాయి, ఇవన్నీ నగదుకే వస్తాయి. వరి అమ్మిన పైసలు అప్పటికే ఎరువుల దుకాణానికి పోయి ఉంటాయి. మరి ఆ నగదు ఎక్కడి నుంచి వస్తుంది? అడ్తి సేటు దగ్గర నుంచి, నూటికి రెండు రూపాయల మిత్తికి.

లెక్క చూద్దాం. ఇల్లు పూర్తి చేయడానికి ఒక రైతు 3 లక్షలు అప్పు తెచ్చాడనుకోండి. నూటికి రెండు రూపాయలంటే నెలకు 6,000, ఏడాదికి 72,000 మిత్తి. 2025–26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండి, ఒక్క కిలో తరుగు తీయకుండా కొన్నా వచ్చేది 59,225. పెట్టుబడి తీయకముందే ఒక ఎకరం పంట ఒక ఏడాది మిత్తికి చాలదు. ఇంటి మీద స్లాబు పడింది, రైతు మీద అప్పు పడింది. ఇంటికి రంగు వేసిన ఏడాదికే చేనును కౌలుకో కుదువకో పెట్టినవాళ్లు మన ఊర్లలో లేరా? మీకు తెలిసినవాళ్లను మీరే లెక్కపెట్టుకోండి.

ఆ నగదు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. 2017 జులై నుంచి 2025 సెప్టెంబరు దాకా సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం. ఇప్పుడు 18 శాతానికి తగ్గించారు. ఎనిమిదేండ్లకు పైగా, గుడిసె నుంచి బయటపడదామనుకున్న ప్రతి పేదోడూ బస్తా బస్తాకు ఆ పన్ను కట్టాడు. ఒక చేత్తో పథకం పైసలు ఇచ్చి ఇంకో చేత్తో పన్ను కింద తీసుకున్నారు. మన జిల్లాలోనే దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల మంట మీద కాల్చితే సిమెంటు తయారవుతుంది. ప్రపంచం మొత్తం వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 7–8 శాతం ఈ ఒక్క సిమెంటుదే. అకాల వానకు కల్లంలో వడ్లు మొలకెత్తితే ఏడ్చేది మనమే కదా? వాతావరణం ఎందుకు గాడి తప్పిందో మనకు కూడా తెలియాలి.

ఇక మా బాపు ఇల్లు ఎట్లా కట్టాడో చెప్తాను. నేను అప్పుడు చిన్నపోరన్ని, మట్టి తొక్కినవాళ్లలో నేనూ ఉన్నాను. ముందు మొరం తగిలేదాకా పునాది తీసి బండరాయి వేశారు. నేల మీద రెండడుగుల ఎత్తు దాకా రాయే. ఎర్రమన్ను, కొంత మొరం కలిపి నీళ్లు పోసి, వరిగడ్డిని జానెడు ముక్కలుగా నరికి అందులో వేసి రెండు మూడు రోజులు నాననిచ్చారు. తర్వాత ఎడ్లతోటి, మనుషులతోటి తొక్కించారు. ముద్దలు చేసి ఒక అంతరం పెట్టడం, అది ఆరేదాకా ఆగడం, దాని మీద ఇంకో అంతరం పెట్టడం. పనికి వచ్చినవాళ్లలో సగం మంది బదులు పని వాళ్లు. వాళ్ల ఇల్లు కట్టినప్పుడు మా బాపు పోయాడు. పెంకలు కుమ్మరాయన కాల్చి ఇచ్చాడు. దర్వాజ, దూలం, వాసాలు వడ్లాయన చేశాడు, ఆయనకు వడ్లు కొలిచారు. అప్పు చేయలేదని కాదు, చేశాడు. కానీ ఆ అప్పు మరుసటి పంటకే తీరింది. ఖర్చయిన ప్రతి రూపాయీ మా ఊర్లోనో, పక్క ఊర్లోనో ఉన్న మనిషి ఇంటికే పోయింది.

20 అడుగులు పొడవు, 20 అడుగులు వెడల్పు ఉన్న ఇల్లు అంటే 400 చదరపు అడుగులు. నాలుగు గోడలు కలిపి 80 అడుగులు. తొమ్మిదడుగుల ఎత్తు, అడుగున్నర మందం అనుకుంటే 1,080 ఘనపుటడుగుల గోడ. తొక్కితే మట్టి కుదించుకుపోతుంది కాబట్టి 1,500 ఘనపుటడుగుల వదులు మట్టి తేవాలి. ట్రాక్టరు డబ్బాకు 100 ఘనపుటడుగులు వేసుకుంటే పదిహేను ట్రిప్పులు. లోపలి గోడలకు ఇంకో నాలుగైదు. బయటి గోడలకు కావలసిన మట్టి మొత్తం ఇంతే. జీఎస్టీ లేదు, డీలరు లేడు.

ఇప్పుడు మీలో చాలామంది అనే మాట నాకు తెలుసు. "అన్నా, ప్రతి వానాకాలం మట్టి గోడలు కూలి మనుషులు సచ్చిపోతున్నరు గదా?" నిజమే. దాన్ని దాచిపెట్టి రాస్తే ఇది రైతుల పత్రిక కాదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని రాత్రంతా మేలుకున్నవాళ్లం మనం. ఆ వానలకు కూలిన మట్టి గోడలను నేనూ చూశాను. కానీ అవి ఎందుకు కూలాయో దగ్గరికి పోయి చూసినవాళ్లు తక్కువ. నేను చూసినంతలో కారణాలు నాలుగు.

ఒకటి, కింద రాయి లేదు. మట్టి గోడ నేల మీది నుంచే లేచింది. నీళ్లు నిలవగానే అడుగు నానిపోయి గోడ కూర్చుంది. రెండు, చూరు పొట్టిది. కప్పు గోడ దాటి కనీసం రెండడుగులు బయటికి రావాలి. పెంకలు పగిలినా మార్చలేదు కాబట్టి నీళ్లు గోడ నెత్తి మీదికే దిగాయి. మూడు, రేగడి మట్టితో కట్టారు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది, గోడకు అది పనికిరాదు. నాలుగోది అందరూ మంచిదనుకొని చేసేది. మట్టి గోడకు సిమెంటు గిలాబు. మట్టి గోడ తేమను పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. పైన సిమెంటు వేస్తే లోపలికి పోయిన తేమ బయటికి రాలేదు. గిలాబు పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల గోడ మెత్తబడుతుంది. ఒక రోజు గిలాబుతో సహా ఊడిపడుతుంది. మట్టి గోడకు మట్టి గిలాబో, సున్నమో వేయాలి.

ఈ నాలుగూ సరిచేయగలిగినవే. సరిచేయకుండా వదిలేశాం. ఎందుకంటే కొడుకు స్లాబు వేస్తాడులే అని ఇరవై ఏండ్ల నుంచి పెంక మార్చలేదు. కచ్చా అని పేరు పెట్టిన ఇంటిని ఎవరు బాగు చేసుకుంటారు? చూసేవాడు లేక కూలింది, కూలింది కాబట్టి కచ్చా అన్నారు.

గోదారి ఒడ్డున ముంపు వచ్చే చోట మాత్రం మట్టి గోడ కట్టొద్దని నేనే చెప్తాను. వరద నీళ్లలో రోజుల తరబడి నిలిస్తే అది ఆగదు. అక్కడ కావలసింది ఎత్తయిన జాగా. అది ఇవ్వాల్సింది సర్కారు.

"ఇంజినీరు ఒప్పుకుంటడా?" అనేది ఇంకో ప్రశ్న. ఒప్పుకోవడానికి కావలసిన పుస్తకాలు ఆయన బీరువాలోనే ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ మట్టి ఇటుకల మీద ఐఎస్ 1725 అనే ప్రమాణం ఇచ్చింది, 2013లో దాన్ని సవరించింది. మట్టి ఇండ్లు భూకంపాన్ని తట్టుకునేటట్టు ఎట్లా కట్టాలో ఐఎస్ 13827 చెప్తుంది. అది 1993 నాటిది. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో పెట్టిన అస్త్ర కేంద్రం, మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి చేతి యంత్రంతో ఒత్తి, కాల్చకుండానే ఇటుక చేసే పద్ధతి తయారుచేసింది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1989 నుంచి మట్టి కట్టడాల సంస్థ పనిచేస్తోంది. కేరళలో లారీ బేకర్ తక్కువ ఖర్చుతో, దగ్గరలో దొరికే సరుకుతో జీవితమంతా ఇండ్లు కట్టాడు. ఆయనకు పద్మశ్రీ ఇచ్చిన దేశమే మన మట్టి గోడకు కచ్చా అని రాసుకుంటోంది. 2001 గుజరాత్ భూకంపంలో కచ్ ప్రాంతపు గుండ్రటి మట్టి ఇండ్లు, భుంగాలు, నిలబడ్డాయి. మన తెలుగు నేల మీదనే ఉత్తరాంధ్ర చుట్టిళ్లు తరతరాలుగా తుపాను గాలులను తట్టుకున్నాయి. గుండ్రంగా ఉన్న గోడను గాలి ఒరుసుకుంటూ పోతుంది. అది కట్టినవాళ్లు ఏ కాలేజీకీ పోలేదు.

ఇంకొకటి వినండి. కేంద్రం గ్రామీణ ఆవాస్ యోజన నిబంధనలలో పక్కా ఇల్లు అంటే ఏమిటో రాసుకున్నారు. మామూలు వాడకాన్ని, ఎండావానలను తట్టుకుని, తగిన మరమ్మతులతో కనీసం 30 ఏండ్లు నిలిచేది అని. మా బాపు ఇల్లు నలభై ఏడేండ్లు నిలిచింది. వాళ్ల కొలతకే అది పక్కా ఇల్లు. అదే కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, ఐఐటీ ఢిల్లీతో కలిసి, ఏ ప్రాంతానికి ఏ రకం ఇల్లు సరిపోతుందో చూపే 'పహల్' అనే పుస్తకం కూడా తెచ్చింది. పుస్తకం ఢిల్లీలో ఉంది. మన ఊరి సర్వే ఫోనులో మాత్రం రెండు మాటలే ఉన్నాయి.

గడ్డి సంగతి కూడా మాట్లాడాలి. హార్వెస్టరు వచ్చినప్పటి నుంచి వరిగడ్డి మడిలోనే పడి ఉంటోంది. పశువులు తగ్గాయి, వాములు తగ్గాయి, నిప్పు పెట్టడం పెరిగింది. భూమి మీద ఉన్న పురుగూబూచీ కాలిపోతున్నాయి, పొగ మన పిల్లలే పీలుస్తున్నారు. అమెరికాలో నెబ్రాస్కా రైతులు నూరేండ్ల కింద చెట్లు లేని చోట గడ్డి కట్టలనే ఇటుకల్లా పేర్చి ఇండ్లు కట్టుకున్నారు. 1928లో అట్లా కట్టిన ఒక చర్చి ఆర్థర్ అనే ఊర్లో నిలిచి ఉంది. మన వానలకు, మన ఎలుకలకు గడ్డి కట్టల గోడ సరిపోతుందని నేను చెప్పను. కానీ మట్టిలో గడ్డి మనకు కొత్త కాదు. నెర్రెలు రాకుండా పట్టి ఉంచేది అదే. కాలబెట్టే గడ్డిలో కొంత గోడలోకి పోయినా లాభమే.

ఇంట్లో ఆడవాళ్లు అనే మాట కూడా న్యాయమైనదే. "నెలకోసారి అలుకుడు ఎవరు అలుకుతరు? నువ్వా?" అని మా ఇంట్లోనే అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. మట్టి ఇంటి చాకిరీ అంతా ఆడవాళ్ల నడుం మీద వేసి దాన్ని సంస్కృతి అని పొగడటం మోసం. నేలకు షాబాదు బండలు వేసుకోవచ్చు. గోడకు సున్నం వేస్తే నెలనెలా అలికే పని ఉండదు. ఏడాదికోసారి చేసే మరమ్మతు మగవాళ్లు కూడా చేయాలి. స్నానాల గది, మరుగుదొడ్డి దగ్గర ఇటుక, సిమెంటు వాడుకోవాలి. నీళ్లు తగిలే చోట సిమెంటు, తగలని చోట మట్టి. ఇందులో పంతం ఏమీ లేదు.

అన్నిటికంటే బరువైన మాట ఇంకొకటి ఉంది. "మట్టింట్లకు పిల్లనెవ్వలిస్తరు?" దీనికి ఐఎస్ నంబరు చూపిస్తే సరిపోదు. ఈ సిగ్గు మన మీద ఒక్క రోజులో పడలేదు. రేషన్ కార్డు దగ్గర, సర్వే దగ్గర, సినిమాలో, బడి పుస్తకంలో గుడిసె పక్కన పేదోడి బొమ్మ వేసి వేసి నేర్పించారు. అందుకే సర్కారు కాగితం మీద మాట మారాలని అంటున్నాను. మండల కేంద్రంలో అందరూ చూసే చోట, కరెంటు, టైల్సు వంటగది, మంచి కిటికీలతో ఒక మట్టి ఇల్లు లేస్తే, మే నెలలో మిట్టమధ్యాహ్నం పిల్ల తండ్రిని ఆ ఇంట్లో ఒక గంట కూర్చోబెడితే, ఆ మాట కొంత మారుతుంది.

అందుకని మన సంఘం ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను.

1. రాతి పునాది, మట్టి గోడ, పెంక కప్పు ఉన్న ఇంటికి కూడా ఇందిరమ్మ పథకం కింద పూర్తి 5 లక్షలు ఇవ్వాలి. ఇంజినీరు సరుకును కాదు, బలాన్ని పరీక్షించాలి.

2. మట్టి ఇంటికి మొదటి విడత పని మొదలు కాకముందే ఇవ్వాలి. ఈ ఇంటి ఖర్చులో ఎక్కువ భాగం కూలీయే. కూలీకి ఉద్దెర పెట్టలేం.

3. మండలానికి ఒక నమూనా మట్టి ఇల్లు కట్టాలి. మన మేస్త్రీలకు, ఆడ మేస్త్రీలకు కూడా, రోజు కూలి ఇస్తూ నేర్పించాలి. పాత పని తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లనే గురువులుగా పెట్టాలి.

4. సొంత ఇంటికి చెరువు మట్టి, మొరం తెచ్చుకునే రైతు ట్రాక్టరును పట్టుకోవద్దు. పంచాయతీ రసీదు చాలాలి.

5. వాసాలకు కలప లేక చాలామంది పెంకటిల్లు వదిలేశారు. సొంత పొలంలో పెంచిన వెదురును 2017లో అటవీ చట్టంలోని చెట్ల జాబితా నుంచి తీసేశారు. గట్ల మీద వెదురు పెంచడానికి మొక్కలు ఇవ్వాలి, కొట్టుకునే రైతును ఆపొద్దు.

సర్కారు వినేదాకా మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. గట్టిగా ఉన్న మట్టి గోడను పథకం వస్తుందని ఆశపడి ముందే కూలగొట్టకండి. ఈ వానాకాలానికి ముందే పగిలిన పెంకలు మార్చండి, గోడ అడుగున నీళ్లు నిలవకుండా కాలువ తీయండి, సిమెంటు గిలాబు ఉబ్బిన చోట గీకేసి మట్టి, సున్నం వేయండి.

కట్టాలనుకునేవాళ్లు ముందు మట్టిని పరీక్షించుకోండి. ఒక సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి బాగా ఊపి రాత్రంతా వదిలేయండి. అడుగున ఇసుక, దాని మీద సన్న ఒండ్రు, అన్నిటికంటే పైన బంకమన్ను పేరుకుంటాయి. బంకమన్ను మొత్తంలో ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటే మంచి మట్టి. ఎక్కువుంటే మొరమో ఇసుకో కలపండి. మొదట పశువుల కొట్టానికో, మోటారు గదికో ఒక గోడ కట్టి ఒక వానాకాలం చూడండి. నమ్మకం కుదిరితేనే ఇల్లు కట్టండి.

వచ్చే నెల మండల సమావేశానికి ఈ అయిదు డిమాండ్లను తీర్మానం కింద తెస్తున్నాను. వ్యతిరేకించేవాళ్లు కూడా రండి, అక్కడే వాదించుకుందాం. మీ ఊర్లో ముప్పై ఏండ్లు దాటి నిలిచిన మట్టి ఇండ్లెన్ని, ఇరవై ఏండ్లు కాకముందే కురుస్తున్న స్లాబు ఇండ్లెన్ని లెక్కపెట్టి రాసుకుని రండి. ఆ కాగితాలన్నీ కుట్టి కలెక్టరు ముందు పెడదాం. సర్వే వాళ్లు మన ఇండ్లను లెక్కపెట్టారు. ఇప్పుడు మనం లెక్కపెడదాం.